దొరకని సిగ్నల్.. దొరికే ఉద్యోగం!

మోడల్ రైళ్లు మార్కెట్లో దొరుకుతాయి. మన రైల్వే సిగ్నళ్ల నమూనాలు మాత్రం దొరకవు. ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ, డిప్లొమా, బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఆ కొరతే ఒక మంచి ప్రాజెక్టు. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. రైల్వే, మెట్రో, సిగ్నలింగ్ కంపెనీల ఇంటర్వ్యూల్లో మాట్లాడటానికి చేతిలో సరుకూ ఉంటుంది.

మీ రెజ్యుమె ఒకసారి తీసి చూడండి. ‘ప్రాజెక్ట్స్’ అన్నచోట ఏముంది? లైన్ ఫాలోయర్ రోబో, స్మార్ట్ డస్ట్‌బిన్, హోమ్ ఆటోమేషన్.. వీటిలో ఏదో ఒకటి ఉండి ఉంటుంది. మీ పక్క బెంచీ వాళ్ల రెజ్యుమెలోనూ అదే ఉంటుంది. వాటిని తక్కువ చేయాల్సిన పనిలేదు. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు ‘ఈ సెన్సర్ వైరు తెగిపోతే మీ ప్రాజెక్టు ఏం చేస్తుంది?’ అని అడిగితే ఏం చెబుతారు? కిట్‌తోపాటు కోడూ వచ్చింది కాబట్టి చాలామందికి ఆ ప్రశ్నే తట్టి ఉండదు.

ఆ ప్రశ్న నుంచే మొదలయ్యే ప్రాజెక్టు ఒకటుంది. భారతీయ రైల్వేలో వాడే నాలుగు దీపాల సిగ్నల్‌ను చిన్న సైజులో తయారుచేసి, పట్టాల మీద బండి ఎక్కడుందో దాన్ని బట్టి అదే రంగు మారేలా చేయడం. ‘ఏముంది దాంట్లో.. నాలుగు ఎల్ఈడీలే కదా’ అనిపిస్తోందా? కిందికి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఎందుకు దొరకవు?

మోడల్ రైల్వే అంటే ప్రపంచమంతా ఉన్న హాబీ. ఎక్కువ మంది వాడేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు బండిలో 87వ వంతు. ఈ సైజులో జర్మనీ కంపెనీ వియస్మాన్ అక్కడి రైల్వే సిగ్నళ్లను అమ్ముతుంది. బ్రిటన్‌లో డేపోల్ కంపెనీ మోటారుతో చెయ్యి ఊపే సెమాఫోర్ సిగ్నళ్లు తయారుచేస్తుంది. అవన్నీ ఆయా దేశాల నమూనాలు. మన రైళ్ల నమూనాలే కొద్దిమంది హాబీదారులు చిన్న చిన్న బ్యాచ్‌లుగా చేసేవి. ఇక సిగ్నళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

విదేశీ సిగ్నల్ తెచ్చి పెట్టుకుంటే సరిపోదా? చూడటానికి బాగానే ఉంటుంది. కానీ సిగ్నల్ భాష దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటిష్ నాలుగు దీపాల సిగ్నల్ మనదానికి దగ్గరి చుట్టమే. అయినా దాని మీద మన గుర్తు పలకలు ఉండవు. ఖరీదు, కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిపితే మూడు సిగ్నళ్ల డబ్బుతో మీ ప్రాజెక్టు మొత్తం అయిపోతుంది. కాబట్టి మనం చేసుకోవడమే దారి.

ఇలా దొరకని వస్తువును సొంతంగా చేసుకున్న కాలేజీ కుర్రాళ్ల కథ ఒకటి చరిత్రలో నిలిచింది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ మొదలైంది. అందులో ‘సిగ్నల్స్ అండ్ పవర్’ అనే ఉపసంఘం ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు, స్విచ్చులు సంపాదించి, బల్ల కింద రైళ్ల నియంత్రణ వ్యవస్థ మొత్తం వాళ్లే కట్టుకున్నారు. ఆ రిలేల లాజిక్ వంటబట్టిన వాళ్లలో కొందరు క్యాంపస్‌కు వచ్చిన తొలితరం కంప్యూటర్ల మీద పడ్డారు. 1962 నాటి ‘స్పేస్‌వార్’ కంప్యూటర్ గేమ్ వెనక ఆ క్లబ్ సభ్యులే ఉన్నారు. స్టీవెన్ లెవీ 1984లో రాసిన ‘హ్యాకర్స్’ పుస్తకం ఆ క్లబ్ కథతోనే మొదలవుతుంది. బల్ల కింది వైర్లే వాళ్లకు మొదటి ప్రోగ్రామింగ్ పాఠం.

సిగ్నల్ అంటే దీపం కాదు.. మాట!

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు సిగ్నల్ ఏం చెబుతుందో తెలుసుకోవాలి. మన నాలుగు దీపాల సిగ్నల్‌లో పై నుంచి కిందికి వరుస ఇలా ఉంటుంది: పసుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు అన్నింటికన్నా కింద, లోకో పైలట్ కంటికి దగ్గరగా ఉంటుంది. రెండు పసుపుల మధ్య ఆకుపచ్చను పెట్టడంలోనూ అర్థముంది. రెండు పసుపులూ పక్కపక్కనే ఉంటే దూరం నుంచి ఒకే దీపంలా కలిసిపోతాయి.

ఇక వాటి అర్థాలు:

- ఎరుపు: ఆగాలి.
- ఒక పసుపు: జాగ్రత్తగా వెళ్లు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు.
- రెండు పసుపులు: వెళ్లు, కానీ తర్వాతి సిగ్నల్‌ను నిర్ణీత తగ్గింపు వేగంతో దాటడానికి సిద్ధంగా ఉండు.
- ఆకుపచ్చ: పూర్తి అనుమతి వేగంతో వెళ్లొచ్చు.

గమనించారా? ఎరుపు తప్ప మిగతావన్నీ ముందున్న దారి గురించి ఇచ్చే మాటలే. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి బ్రేకు వేసినా ఆగడానికి చాలా దూరం పడుతుంది. కళ్లకు కనిపించేదాన్ని చూసి ఆపడం లోకో పైలట్‌కు కుదరదు. సిగ్నల్ మాటను నమ్మి బండి నడపాల్సిందే.

స్తంభానికి ఉండే చిన్న గుండ్రటి పలక కూడా మాటలో భాగమే. తెల్ల పలక మీద నల్లటి ‘ఏ’ అక్షరం ఉంటే అది ఆటోమేటిక్ సిగ్నల్. అది ఎర్రగా ఉంటే లోకో పైలట్ ఆగి, పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు చూసి, ఆ తర్వాత నిబంధనల ప్రకారం అతి జాగ్రత్తగా ముందుకు కదలొచ్చు. ‘ఏ’ పలక లేని స్టాప్ సిగ్నల్ ఎర్రగా ఉంటే, నిబంధనల ప్రకారం అనుమతి అందేదాకా కదలకూడదు. ‘పి’ అక్షరం ఉంటే అది డిస్టెంట్ సిగ్నల్. రూపాయి ఖర్చులేని చిన్న కాగితపు బిళ్ల మీ మోడల్‌కు ఎంత అర్థం తెస్తుందో చూడండి. దాని గురించి ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు చెప్పగలిగితే, మీరు కిట్ కొని తెచ్చిన మనిషి కాదని ఎదుటివారికి తెలిసిపోతుంది.

ఏ స్కేలు? లెక్క మీరే వేయండి

మన రంగుదీపాల సిగ్నల్ బయటి కటకం వ్యాసం సుమారు 21 సెంటీమీటర్లు, అంటే 210 మి.మీ. దీన్ని స్కేలుతో భాగించండి.

- 1:87 (హెచ్‌ఓ) అయితే 2.4 మి.మీ.
- 1:76 (డబుల్ ఓ) అయితే 2.8 మి.మీ.
- 1:43.5 (ఓ) అయితే 4.8 మి.మీ.

ఎలక్ట్రానిక్స్ షాపులో ఎప్పుడూ దొరికేవి 3 మి.మీ., 5 మి.మీ. ఎల్ఈడీలు. అంటే డబుల్ ఓ స్కేలుకు 3 మి.మీ., ఓ స్కేలుకు 5 మి.మీ. దాదాపు అతికినట్టు సరిపోతాయి. హెచ్‌ఓ కావాలంటే 0603 లాంటి చిన్న ఎస్ఎండీ ఎల్ఈడీలు వాడాలి. వాటి పొడవు 1.6 మి.మీ., వెడల్పు 0.8 మి.మీ. మాత్రమే. సన్నటి ముక్కు సోల్డరింగ్ ఐరన్, భూతద్దం, చేతిలో నిదానం ఉంటే తప్ప కుదరదు. మొదటిసారి చేస్తుంటే 5 మి.మీ. ఎల్ఈడీతో 1:43.5 స్కేలు ఎంచుకోండి. చెయ్యి కుదిరాక చిన్న సైజులకు వెళ్లొచ్చు.

స్తంభానికి సన్నటి ఇత్తడి గొట్టం బాగుంటుంది. సోల్డర్ అతుక్కుంటుంది, వైర్లు లోపలి నుంచి పోతాయి, గొట్టమే కామన్ గ్రౌండుగానూ పనికొస్తుంది. వైర్లకు మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి తీగ తీసుకోండి. జుట్టంత సన్నగా ఉంటుంది కాబట్టి నాలుగు తీగలు సులువుగా పడతాయి. సోల్డర్ చేసే ముందు కొసన ఎనామిల్ గీకడం మరవకండి. దీపాల వెనక నల్ల పలక, మీద చిన్న గొడుగుల్లాంటి హుడ్లకు పలచటి ప్లాస్టిక్ షీటు చాలు. త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. కానీ మామూలు ఫిలమెంట్ ప్రింటర్ నాజిల్ 0.4 మి.మీ. ఉంటుంది. హెచ్‌ఓ స్కేలులో నిచ్చెన మెట్లు దాంతో రావు. వాటికి రెజిన్ ప్రింటరు కావాలి, లేదా సన్నటి తీగను సోల్డర్ చేసుకోవాలి.

రంగుల దగ్గర ఒక జాగ్రత్త. నాలుగింటికీ ఒకే రెసిస్టర్ పెట్టొద్దు. 5 వోల్టుల సరఫరాలో ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులను 5 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 600 ఓమ్‌లు. షాపులో దొరికేది 680. ఇప్పటి ఆకుపచ్చ ఎల్ఈడీలు సుమారు 3 వోల్టులవి. తక్కువ కరెంటుకే కళ్లు చెదిరేలా వెలుగుతాయి. వాటికి 1,000 నుంచి 2,200 ఓమ్‌ల మధ్య పెట్టి చూస్తూ, ఎరుపుతో సమానంగా కనిపించే విలువ ఎంచుకోండి. పసుపు ఎరుపులా కనిపించకూడదు. అది అందం కోసం కాదు, మాట తప్పుగా వినపడకుండా ఉండటం కోసం.

బండి వచ్చిందని సిగ్నల్‌కు ఎలా తెలుస్తుంది?

ఇక్కడే చాలామంది ఐఆర్ సెన్సర్ మాడ్యూల్ కొనేస్తారు. ఆగండి. బజార్లో దొరికే మామూలు మాడ్యూల్ ఎదురుగా వస్తువు ఉంటే ‘లో’, లేకపోతే ‘హై’ ఇస్తుంది. వైరు తెగితే? పుల్-అప్ ఉన్న పిన్ ‘హై’కి వెళ్తుంది. అంటే వైరు తెగినా, బండి లేకపోయినా మీ ఆర్డుయినోకు ఒకటే వినిపిస్తుంది: ‘దారి ఖాళీ’. బండి నిలబడి ఉన్నా సిగ్నల్ ఆకుపచ్చ చూపిస్తుంది. రైల్వే భాషలో దీన్ని ‘రాంగ్ సైడ్ ఫెయిల్యూర్’ అంటారు. సిగ్నల్ ఇంజినీరు నిద్రలో కూడా భయపడే మాట ఇది.

అసలు రైల్వే ఈ సమస్యను 150 ఏళ్ల కిందటే తేల్చింది. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో పేటెంట్ పొందిన ట్రాక్ సర్క్యూట్ ఆలోచన ఇప్పటికీ నడుస్తోంది. ఒక ముక్క పట్టాలను పక్కవాటి నుంచి విద్యుత్తు పరంగా వేరు చేస్తారు. ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే. పట్టాల గుండా కరెంటు పారి రిలేను ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడే ‘ఖాళీ’ అని అర్థం. బండి రాగానే చక్రాలు, ఇరుసు కలిసి రెండు పట్టాలనూ షార్ట్ చేస్తాయి. రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. వైరు తెగినా అంతే. బ్యాటరీ చచ్చినా అంతే. పట్టా విరిగి కరెంటు దారి తెగినా అంతే. ఏ లోపం వచ్చినా ఫలితం ఎరుపే.

దీన్ని మీరు బల్ల మీద కట్టొచ్చు. మోడల్ రైలు కూడా అక్కర్లేదు. ఒక చెక్క పలక మీద రెండు అల్యూమినియం పట్టీలు పట్టాల్లా అమర్చండి. ఒక కొసన 5 వోల్టులను 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఇవ్వండి. రెండో కొసన రెండు పట్టాల మధ్య పీసీ817 అనే చవకైన ఆప్టోకప్లర్ లోపలి ఎల్ఈడీని కలపండి. ఇదే మీ రిలే. దాని అవతలి వైపు ట్రాన్సిస్టర్‌ను ఆర్డుయినో పిన్‌కు, గ్రౌండుకు మధ్య కలిపి, పిన్‌ను పుల్-అప్‌లో పెట్టండి. పట్టాల్లో కరెంటు పారుతుంటే పిన్ ‘లో’, అంటే ఖాళీ. ఒక ఇనుప కడ్డీని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. అదే మీ బండి ఇరుసు. ఆప్టోకప్లర్ ఆరిపోతుంది, పిన్ ‘హై’ అవుతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. ఇప్పుడు కడ్డీ తీసేసి వైర్లు ఒక్కొక్కటే పీకి చూడండి. ఏ వైరు పీకినా ఎరుపే రావాలి. వచ్చిందా? మీ మొదటి ఫెయిల్-సేఫ్ సర్క్యూట్ పూర్తయినట్టే.

లాజిక్ ఒక్క పేజీ.. పరీక్షలు పది పేజీలు

మూడు సిగ్నళ్లు, ఐదు ట్రాక్ ముక్కలు పెట్టుకోండి. ఒక్క ఆర్డుయినో నానోకు ఇది లెక్క సరిపోయినట్టు సరిపోతుంది. సిగ్నల్‌కు నాలుగు చొప్పున 12 ఎల్ఈడీలు డీ2 నుంచి డీ13 వరకు ఉన్న 12 పిన్లకు, ఐదు ట్రాక్ సర్క్యూట్లు ఏ0 నుంచి ఏ4 వరకు.

నియమం చిన్నదే. సిగ్నల్ దాటగానే ఉన్న ముక్కలో బండి ఉంటే ఎరుపు. ఒక ముక్క ఖాళీ, ఆ తర్వాత బండి ఉంటే ఒక పసుపు. రెండు ఖాళీ అయితే రెండు పసుపులు. మూడూ ఖాళీ అయితే ఆకుపచ్చ. ఒక పసుపు వెలగాల్సినప్పుడు ఆకుపచ్చకు కింద ఉన్నదే వెలగాలి. కడ్డీని ఒక్కో ముక్క మీదికి జరుపుతూ పోతే వెనక సిగ్నళ్లు ఎరుపు, పసుపు, రెండు పసుపులు, ఆకుపచ్చ అని వరుసగా విప్పుకుంటూ రావాలి. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉన్న మార్గాల్లో బండ్లు ఒకదాని వెనక ఒకటి నడిచే పద్ధతికి మూలం ఇదే.

కోడ్ రాయడం ఒక సాయంత్రం పని. అసలు పని పరీక్షల్లో ఉంది. ఐదు ముక్కలు, ఒక్కోదానికి రెండు స్థితులు. మొత్తం 32 కలయికలు. పట్టిక గీసి, ప్రతి దానికీ మూడు సిగ్నళ్లూ ఏం చూపించాలో ముందే రాసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ చేసి టిక్కు పెట్టండి. రైల్వేలోనూ పద్ధతి ఇదే. ఏ రూటుకు ఏ పాయింటు ఎటు ఉండాలి, ఏ ట్రాక్ ఖాళీగా ఉండాలి అని ముందు కంట్రోల్ టేబుల్ తయారవుతుంది. తర్వాతే సర్క్యూట్, ఆ తర్వాత ప్రతి గడికీ పరీక్ష.

ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకండి.

1. ఎర్ర ఎల్ఈడీ కాలిపోతే? చీకట్లో సిగ్నల్ కనిపించదు. ఆరిపోయిన సిగ్నల్‌ను ఎరుపుగానే చూడాలని లోకో పైలట్‌కు నిబంధన ఉంది. అయినా దానికి ముందున్న సిగ్నల్ ఎరుపు అయ్యేలా అసలు వ్యవస్థలో ఏర్పాటుంటుంది. మీ మోడల్‌లో ఎర్ర ఎల్ఈడీ కరెంటును కొలిచి ఇది చేయగలరా?

2. నానో ప్రోగ్రాం మధ్యలో స్తంభిస్తే? చివరగా వెలిగిన ఆకుపచ్చ అలాగే ఉండిపోతుంది. చిప్‌లోని వాచ్‌డాగ్ టైమర్ కొంతవరకు ఆదుకుంటుంది. అసలు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో ఒకటికి మించి ప్రాసెసర్లు విడివిడిగా లెక్కవేసి సరిచూసుకుంటాయి. తేడా వస్తే అవుట్‌పుట్లు సురక్షిత స్థితికి పడిపోతాయి.

3. పాయింటు ఒక వైపు, సిగ్నల్ ఇంకో వైపు చెబితే? ఒక లూప్ లైన్, సర్వో మోటారుతో తిరిగే పాయింటు కలిపి చూడండి. పాయింటు నిజంగా చివరిదాకా తిరిగిందని మైక్రోస్విచ్ చెప్పేదాకా సిగ్నల్ ఎరుపు వదలకూడదు. పాయింటును ‘తిప్పమన్నాం’ అన్నది చాలదు, ‘తిరిగింది’ అని తేలాలి.

ఈ మూడో ప్రశ్న ఎంత పెద్దదో దేశం 2023 జూన్ 2 రాత్రి చూసింది. ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర చెన్నై వైపు వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద వెళ్లమని సిగ్నల్ ఉంది. పాయింటు మాత్రం లూప్ లైన్ వైపు ఉంది. బండి వెళ్లి అక్కడ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు ఎప్పుడో సిగ్నలింగ్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు బ్యారియర్ మార్చే పనిలోనూ జరిగిన లోపాలే కారణమని రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణ తేల్చింది. సిగ్నల్ డ్రాయింగ్‌లో ఒక గీత, టెర్మినల్ మీద ఒక వైరు, చేయకుండా వదిలేసిన ఒక పరీక్ష.. వీటి విలువ అది. మీరు బల్ల మీద చేసే 32 టిక్కులు ఆ క్రమశిక్షణకు ఓనమాలు.

సామాను ఎక్కడ?

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే నానో, ఆప్టోకప్లర్లు, ఎల్ఈడీలు, రెసిస్టర్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మిగతా ఊళ్లలో టీవీ, మొబైల్ రిపేరు విడిభాగాల షాపులు, ఆన్‌లైన్ ఉన్నాయి. నలుగురు స్నేహితులు కలిస్తే తలా కొన్ని వందలతో అయిపోయే పని. త్రీడీ ప్రింటింగ్ కోసం మీ కాలేజీ ల్యాబ్ అడగండి. హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైపింగ్ కేంద్రాలూ ఉన్నాయి.

కొలతలు, నియమాలు కావాలంటే సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ దగ్గరుంది ఖజానా. ఇండియన్ రైల్వేస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సిగ్నల్ ఇంజినీరింగ్ అండ్ టెలీకమ్యూనికేషన్స్ అన్నది పూర్తిపేరు. 1957 నుంచి దేశంలోని సిగ్నల్ ఇంజినీర్లు, సిబ్బంది శిక్షణ పొందేది ఇక్కడే. ఆ సంస్థ శిక్షణ నోట్సు వెబ్‌సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు. సిగ్నళ్లు, ట్రాక్ సర్క్యూట్లు, రిలే ఇంటర్‌లాకింగ్ గురించి పాఠ్యపుస్తకాలకన్నా విడమరిచి ఉంటాయి.

అసలు సిగ్నల్‌ను చూడాలంటే ప్లాట్‌ఫాం చివర వరకు వెళ్లి చూడండి, అక్కడి నుంచే బొమ్మ గీసుకోండి. పట్టాల మీదికి మాత్రం దిగొద్దు. ప్రాణానికే ప్రమాదం. పైగా రైల్వే చట్టం సెక్షన్ 147 కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసే వయసులో కేసు ఎందుకు?

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం ఇచ్చేస్తారని కాదు. రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష దాటాల్సిందే. కానీ ఈ రంగంలో ఎన్ని తలుపులున్నాయో చాలామందికి తెలియదు.

- టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్: రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా. లెవెల్ 5, ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం రూ.29,200 నుంచి. ఇంజినీరింగ్ డిప్లొమా, డిగ్రీ వాళ్లే కాదు.. ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, ఐటీ, ఇన్‌స్ట్రుమెంటేషన్‌తో బీఎస్సీ చేసినవాళ్లూ అర్హులు. బీఎస్సీ విద్యార్థులు చాలామంది దీన్ని చూడకుండా వదిలేస్తున్నారు.
- జూనియర్ ఇంజినీర్ (ఎస్ అండ్ టీ): ఇదీ ఆర్ఆర్‌బీ ద్వారానే. లెవెల్ 6, రూ.35,400 నుంచి. సంబంధిత బ్రాంచిలో డిప్లొమా లేదా డిగ్రీ.
- అధికారి స్థాయి: యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఇండియన్ రైల్వే మేనేజ్‌మెంట్ సర్వీస్.
- ప్రైవేటు: సిమెన్స్, ఆల్‌స్టమ్, హిటాచీ రైల్ లాంటి అంతర్జాతీయ కంపెనీలు. డిజైన్, సైట్ టెస్టింగ్ అండ్ కమిషనింగ్, వెరిఫికేషన్ అండ్ వాలిడేషన్ విభాగాల్లో ఫ్రెషర్లకు చోటుంటుంది.

మన దగ్గరి మాటకొస్తే, ‘కవచ్’ కథ చాలావరకు ఇక్కడే నడిచింది. సిగ్నల్‌ను లోకో పైలట్ చూడకపోయినా బండిని తనంత తాను ఆపే ఈ దేశీయ వ్యవస్థకు ప్రయాణికుల రైళ్ల మీద తొలి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలో 2016లో మొదలయ్యాయి. 2022 మార్చి 4న రైల్వే మంత్రి ఇంజిన్‌లో కూర్చుని గుల్లగూడ-చిట్‌గిడ్డ మధ్య దాని ప్రదర్శన చూశారు. దీన్ని మొదట తయారుచేసిన మూడు కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్.. మూడూ హైదరాబాద్‌వే. పట్టాల మధ్య ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు, ఇంజిన్‌లో రీడర్, రేడియో సంకేతాలతో ఇది పనిచేస్తుంది. భద్రతలో అత్యున్నతమైన ఎస్ఐఎల్-4 స్థాయి దీనిది. మీ మోడల్‌కు తర్వాతి మెట్టు కూడా ఇదే. ఒక చవకైన ఆర్సీ522 రీడర్‌ను పట్టాల కింద, ట్యాగును బండి కింద పెట్టి, ఎరుపు దాటితే బండి కరెంటు కట్ అయ్యేలా చేయొచ్చు. అసలుదానికి ఇది తిరగేసిన అమరిక. అయినా ఆలోచన అదే.

రెజ్యుమెలో ఎలా రాయాలి?

‘ఆర్డుయినోతో రైల్వే సిగ్నల్ మోడల్’ అని రాస్తే అందరిలో కలిసిపోతుంది. బదులుగా ఏం కట్టారో, ఎలా పరీక్షించారో రాయండి. ‘ఐదు క్లోజ్డ్ ట్రాక్ సర్క్యూట్లతో మూడు నాలుగు-దీపాల ఆటోమేటిక్ సిగ్నళ్లు. 32 కలయికలకూ కంట్రోల్ టేబుల్ రాసి పరీక్షించాం. ప్రతి ఇన్‌పుట్ వైరూ తెంచి ఎరుపు వస్తుందని నిర్ధారించాం.’ ఇంతే చాలు. దాని కింద ఇంకో వాక్యం కూడా ధైర్యంగా రాయండి: ‘పరిమితి: ఒకే ప్రాసెసర్, కాబట్టి ఇది భద్రతా వ్యవస్థ కాదు, నమూనా మాత్రమే.’ తన పనిలో ఏది లేదో చెప్పగలిగే మనిషి కోసమే ఈ రంగం వెతుకుతుంది.

ఇంటర్వ్యూకు ముందు వీటికి జవాబులు సిద్ధం చేసుకోండి. ఫెయిల్-సేఫ్ అంటే ఏమిటి? మీ మోడల్‌లో ఏ లోపం ఇంకా ఆకుపచ్చ చూపించగలదు? చక్రాలకు తుప్పు పట్టి పట్టాలను సరిగా షార్ట్ చేయకపోతే ట్రాక్ సర్క్యూట్ ఏమవుతుంది? దాని బదులు ఆక్సిల్ కౌంటర్ వాడితే లాభం ఏమిటి, నష్టం ఏమిటి? రైల్వే సాఫ్ట్‌వేర్‌కు ఈఎన్ 50128 లాంటి ప్రమాణాలు ఎందుకు? చివరి రెండూ కొంచెం చదివితే వస్తాయి. మొదటి మూడూ వైర్లు పీకి చూసినవాళ్లకే వస్తాయి.

ఈ ఆదివారానికి లక్ష్యం చిన్నదే పెట్టుకోండి. రెండు పట్టీలు, ఒక ఆప్టోకప్లర్, ఒక ఎర్ర ఎల్ఈడీ, ఒక ఆకుపచ్చ ఎల్ఈడీ. కడ్డీ పెడితే ఎరుపు, తీస్తే ఆకుపచ్చ. తర్వాత మీ స్నేహితుణ్ని పిలిచి, మీకు చెప్పకుండా ఏదో ఒక వైరు పీకమనండి. అప్పుడూ ఎరుపు వెలిగితే మిగతా నాలుగు ముక్కలు మొదలుపెట్టొచ్చు.